కోరిక ఆమెది... కత్తెర వాళ్ళది!

ఓ ఆడమనిషి ఓ మగాణ్ణి తాడుతో బంధించి, అతని చుట్టూ నాట్యం చేస్తుంది. అతను కదల్లేడు. ఆమె మాత్రం ఒక్క క్షణం ఆగదు. దగ్గరికొస్తుంది, ఒంటికి ఒళ్ళు ఆనించి నిలబడుతుంది, వెనక్కి జరుగుతుంది, మళ్ళీ వస్తుంది. ఒంటిని అంటుకుపోయిన నల్లని గౌను. మొహంలో సిగ్గు లేదు. సిగ్గు పడుతున్నట్టు నటన కూడా లేదు.

ఇదేదో నిన్నమొన్న వచ్చిన సినిమాలోదనుకునేరు! 1910 సెప్టెంబరు 12న కోపెన్‌హాగెన్‌లో కాస్మొరామా అనే హాల్లో విడుదలైన డేనిష్ మూకీ ఇది. పేరు 'ఆఫ్‌గ్రుండెన్'. అంటే అగాధం. మన దేశంలో ఫాల్కే గారు 'రాజా హరిశ్చంద్ర' తీసి, తారామతి వేషానికి ఆడవాళ్ళెవరూ ముందుకు రాక, సాలుంకే అనే మగవాడికి చీర కట్టింది 1913లో. దానికి మూడేళ్ళ ముందు మాట ఇది!

మొన్న ఓ కాలేజీ కుర్రాడు నన్ను పట్టుకుని, "పాత సినిమాల్లో ఆడవాళ్ళు ఏడవడం తప్ప ఇంకేం చేసేవాళ్ళు సార్?" అని నిలదీశాడు. వాడికి నాలుగు ముక్కల్లో చెబితే తేలే సంగతి కాదని ఈ వారం పేజీ మొత్తం దానికే కేటాయించాను. కాబట్టి తారల కబుర్లు, షూటింగు విశేషాలు ఈ వారానికి బంద్. తిట్టుకోకండి.

ఇంకాస్త వెనక్కి వెళదాం. ప్యారిస్‌లో గోమాఁ కంపెనీ అని ఒకటుండేది. ఆ కంపెనీ యజమాని దగ్గర సెక్రటరీగా చేరిన అమ్మాయి ఆలిస్ గీ. 1896 నుంచే సినిమాలు తీసింది. ఆడవాళ్ళు దర్శకులవడం ఈ కాలపు వింత అనుకునేవాళ్ళు ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఆవిడ 1906 ప్రాంతంలో నాలుగు నిమిషాల హాస్యచిత్రం ఒకటి తీసింది. ఓ చూలింత భర్తతో కలిసి రోడ్డు మీద షికారుకు బయల్దేరుతుంది. వేవిళ్ళు! కంటికి కనబడిందల్లా కావాలి. చిన్నపిల్ల చేతిలో చప్పరించే మిఠాయి లాక్కుంటుంది. హోటల్ బయట కూర్చున్న పెద్దమనిషి గ్లాసులోని ఘాటు సారా తాగేస్తుంది. బిచ్చగాడి ఉప్పు చేప కాజేస్తుంది. చివరికి దారిన పోయే వర్తకుడి పైపు లాగి పొగ పీలుస్తుంది. పాపం మొగుడు వెనకాలే వచ్చి అందరికీ సర్దిచెప్పుకోవడంతోనే సరి.

నవ్వుకోండి, నవ్వుకోవడానికే తీసింది. కానీ ఒక్క సంగతి చూడండి. ఒక్కో దొంగతనం కాగానే కెమెరా ఆమెకు దగ్గరగా వెళ్ళి, ఆమె మొహాన్నే చూపిస్తుంది. కళ్ళు అరమోడ్చి, పెదాలు చప్పరిస్తూ, ఆ రుచిని ఎంత ఆస్వాదిస్తోందో చూడమంటుంది. క్లోజప్పులు ఇంకా వాడుకలోకి పూర్తిగా రాని రోజులవి. అంత విలువైన షాటును ఆలిస్ గీ దేనికి ఖర్చు పెట్టిందీ అంటే, ఒక ఆడదాని ఇష్టానికి. అయితే ఆమె గర్భవతి కాబట్టి చెల్లిపోయింది. వేవిళ్ళ కోరికకు ఏ దేశంలోనూ అడ్డు చెప్పరు కదా! కడుపులో బిడ్డ మీద నెట్టెయ్యొచ్చు. అదే తన కోసం తాను కోరుకున్న ఆడదయితే?

అక్కడికే వస్తున్నాను. అస్టా నీల్సన్ దగ్గరికి.

1881లో కోపెన్‌హాగెన్‌లో పేదింట్లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. ఇరవై ఏళ్ళకే పెళ్ళి కాకుండా తల్లి అయింది. బిడ్డ తండ్రి పేరు బయటపెట్టలేదు, బిడ్డను వదిలిపెట్టనూ లేదు. నాటకాల్లో చేరితే మంచి వేషాలు దక్కలేదు. సన్నటి మనిషి, పెద్ద పెద్ద నల్లటి కళ్ళు. ఆ రోజుల్లో అందగత్తె అనిపించుకోవడానికి కావలసిన ఒడ్డూ పొడుగూ వేరు. ఈవిడ సత్తా ఏమిటో నాటకాల వాళ్ళకు చూపిద్దామని, అర్బన్ గాడ్ అనే ఆయన కథ రాసి, తనే దర్శకత్వం వహించి 'అగాధం' తీశాడు. డబ్బు పెట్టింది కాస్మొరామా హాలు నడిపే డేవిడ్‌సన్. తర్వాత గాడ్‌కీ ఆమెకూ పెళ్ళయింది, విడిపోవడమూ అయింది. అది వేరే సంగతి.

కథేమిటంటే, మాగ్దా పియానో పాఠాలు చెప్పుకుని బతికే పిల్ల. ట్రాము ఎక్కేచోట క్నూడ్ అనే కుర్రాడు పరిచయమవుతాడు. పాస్టరు గారబ్బాయి. బుద్ధిమంతుడు. బంగారం లాంటి సంబంధం! సెలవులకు వాళ్ళ పల్లెలో ఇంటికి తీసుకెళతాడు. అత్తగారూ మామగారూ కాబోయేవాళ్ళు మంచివాళ్ళే. కొట్టరు, తిట్టరు. కానీ ఆ ఇంట్లో మాగ్దాకు ఊపిరాడదు. ఇంతలో ఊళ్ళోకి సర్కస్ వస్తుంది. చూద్దామని పట్టుబట్టి వెళుతుంది. అక్కడ గుర్రాల మీద విన్యాసాలు చేసే రుడాల్ఫ్‌ను చూస్తుంది. ఆ రాత్రి అతను నిచ్చెన వేసుకుని కిటికీ దగ్గరికొస్తాడు. ఆమె అతనితో వెళ్ళిపోతుంది.

ఇక్కడ ఓ మాట. మన కథల్లో ఇలాంటి సందర్భం వస్తే ఏం చేస్తారు? మత్తుమందు కలిపిన పాలో, దొంగ ఉత్తరమో, తల్లికి జబ్బో, ఏదో ఒక సాకు చూపిస్తారు. అమ్మాయి మోసపోవాలి. అప్పుడే మనకు జాలి. మాగ్దాను ఎవరూ మోసం చెయ్యలేదు. కళ్ళు తెరుచుకునే వెళ్ళింది. రుడాల్ఫ్ మంచివాడు కాదని తెలిశాక కూడా వదలలేకపోయింది. అతను పరాయి ఆడదాని వెంటపడితే, ఆ ఆడదాని మీద పడి కొట్టింది కూడా. ఆమె ప్రేమించింది అనను. ప్రేమ అంటే మనకు వెంటనే డ్యూయెట్టు, దేవాలయం, త్యాగం గుర్తొస్తాయి. మాగ్దాకు అతను కావాలి. అంతే.

ఇప్పుడు మొదట చెప్పిన నాట్యం సంగతి. వీళ్ళిద్దరూ పొట్టకూటికి రంగస్థలం మీద గౌచో నాట్యం చేస్తారు. గౌచో అంటే దక్షిణ అమెరికా పశువుల కాపరి. నాకు నచ్చిందేమిటంటే కెమెరా పెట్టిన చోటు. హాల్లో కూర్చున్న జనం వైపు నుంచి కాదు, పక్క నుంచి పెట్టారు. చొక్కాలు చించుకుంటూ ఈలలు వేసే జనం మనకు కనబడరు. ఆమె ఎవరికోసమో తన ఒళ్ళు చూపిస్తోందన్న భావం రాదు. కట్టుబడి ఉన్నది మగవాడు, చూస్తున్నది ఆమె, కావాలంటున్నదీ ఆమే. నూరేళ్ళు దాటినా ఆ రెండు నిమిషాల పొగరు తగ్గలేదు. చాలాచోట్ల సెన్సారు వాళ్ళు దాన్ని కత్తిరించారంటే ఆశ్చర్యమేముంది?

తర్వాత వచ్చిన ఎన్నో వందల క్లబ్ డాన్సుల్లో, ఆడది ఆడుతుంది, మగవాళ్ళు గ్లాసులు పట్టుకుని చూస్తారు. మనం ఆ మగవాళ్ళ కుర్చీల్లో కూర్చుని చూస్తాం. అలాంటి పాత్రలకు మన సినిమా పత్రికలు దశాబ్దాల పాటు 'వాంపు' అని పేరు పెట్టి రాశాయి. ఆ మాట ఎక్కడిదో తెలుసా? వాంపైర్, అంటే రక్తం పీల్చే పిశాచి. 1915లో అమెరికాలో థీడా బారా అనే నటి వేసిన పాత్రతో అది జనం నోళ్ళలో నానింది. అంటే కోరుకునే ఆడది మనిషే కాదు, పిశాచి! మాగ్దాను ఏ పిశాచీ అనలేం. నెలాఖరుకు అద్దె ఎలా కట్టాలా అని ఆలోచించే పియానో పంతులమ్మ ఆమె. అందుకే ఆ సినిమాకు అంత దెబ్బ.

ముగింపు? ముగింపు మీరు ఊహించిందే. దిగజారి దిగజారి మాగ్దా ఓ హోటల్లో పియానో వాయిస్తుంటుంది. క్నూడ్ చూస్తాడు. ఏకాంతంగా మాట్లాడాలంటాడు. అక్కడికి రుడాల్ఫ్ వస్తాడు, గొడవ, పెనుగులాట. ఆమె కత్తితో రుడాల్ఫ్‌ను పొడిచేస్తుంది. పోలీసులొస్తారు. ఆఖరి షాటులో వాళ్ళ మధ్య నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. ఏడుపు లేదు. పశ్చాత్తాపంతో ఆకాశం వైపు చూడ్డం లేదు. అప్పటి నటులు ఇలాంటి ఘట్టంలో చేతులు గాల్లో ఊపి, జుట్టు పీక్కుని, నానా హంగామా చేసేవాళ్ళు. అస్టా ఏమీ చెయ్యదు. ఆ ఏమీ చెయ్యకపోవడంతోనే యూరప్ అంతటా పేరు మోగిపోయింది. 1911లో జర్మనీ వాళ్ళు వరసగా సినిమాలు తీస్తామని ఒప్పందం రాసుకుని తీసుకుపోయారు.

కథ చెప్పి ముగింపు దగ్గర శిక్ష వెయ్యడం అప్పటి రూలు. ఆ శిక్ష వేస్తేనే సినిమా హాల్లోకి వస్తుంది. అది చెల్లించి, మిగతా సినిమా అంతా ఆమె ఇష్టాన్ని చూపించుకోవడం. నన్నడిగితే ఆ పాత యూరప్ చిత్రాలను ఇలాగే చూడాలి. చివరి రీలును బట్టి కాదు, దానికి ముందున్న రీళ్ళను బట్టి.

శిక్ష అంటే జైలే కానక్కర్లేదు. 1913లో అస్టా 'సఫ్రజెట్' అనే సినిమా చేసింది. ఇంగ్లండులో ఆడవాళ్ళు ఓటు హక్కు కోసం పోరాడుతున్న రోజులవి. అందులో ఆమె ఉద్యమంలో దిగిన అమ్మాయి. జైలుకు వెళుతుంది, బాంబు దాకా పోతుంది వ్యవహారం. చివరికి ఎవరిమీద పోరాడిందో ఆ మంత్రినే ప్రేమించి పెళ్ళి చేసుకుని పిల్లల తల్లి అవుతుంది. శుభం కార్డు! కత్తిపోటు కంటే ఇదే ఘోరమని నా ఉద్దేశం. మీలో కొందరు ఒప్పుకోరు. సరే.

మరి ఇలాంటి చిత్రాలు చూసిందెవరు? మగవాళ్ళేననుకుంటే పొరపాటు. ఎమిలీ ఆల్టెన్‌లో అనే జర్మన్ యువతి మన్‌హైమ్ పట్టణంలో సినిమాకెళ్ళే వాళ్ళకు ప్రశ్నాపత్రాలు పంచి, ఎవరు వెళుతున్నారు, ఏం చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అని పరిశోధన చేసింది. 1914లో అది పుస్తకంగా వచ్చింది. సినిమా ప్రేక్షకుల మీద ప్రపంచంలో జరిగిన తొలి పరిశోధనల్లో అదొకటి. దుకాణాల్లో పనిచేసే అమ్మాయిల దగ్గర్నుంచి కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళ ఇల్లాళ్ళ దాకా ఆడవాళ్ళు హాలుకు వస్తున్నారనీ, వాళ్ళకు ప్రేమ కథలూ సాంఘిక చిత్రాలూ ఎక్కువ ఇష్టమనీ అందులో తేలింది. పగలంతా కౌంటరు వెనక నిలబడి, "ఏం కావాలండీ" అని వచ్చినవాళ్ళనల్లా అడిగే పిల్ల, సాయంత్రం చీకట్లో కూర్చుని, తెర మీద తనలాంటి పిల్ల తనకేం కావాలో తీసుకోవడం చూస్తోందన్న మాట. పెద్దమనుషులకు అసలు భయం అక్కడే పట్టుకుంది. సినిమాలు ఆడపిల్లల్ని చెడగొడుతున్నాయన్న మాట అప్పుడే అక్కడ మొదలైంది. ఆ మాట మనకు కొత్తా?

ఫ్రాన్సుకు వెళదాం. ఈసారి కోరుకునేది పరాయి మగవాణ్ణి కూడా కాదు. జెర్మేన్ డ్యులాక్ అని ఇంకో దర్శకురాలు. అంతకుముందు ఆడవాళ్ళ హక్కుల పత్రికలో విలేఖరిగా పనిచేసింది. 1923లో ఆవిడ తీసిన చిత్రం 'చిరునవ్వుల శ్రీమతి బ్యోదే'. పేరులోనే వెటకారం. ఆవిడ నవ్వదు. చిన్న పట్నం, బట్టల వ్యాపారి మొగుడు. వాడు దుర్మార్గుడా అంటే కాదు. తాగడు, తిరగడు. కానీ తింటుంటే చూడలేం, నవ్వితే భరించలేం. ఆమె పూలకుండీని బల్ల మీద ఓ పక్కగా పెడుతుంది. ఆయన వచ్చి సరిగ్గా మధ్యకు జరుపుతాడు. ఆమె మళ్ళీ పక్కకు. అంతే సీను. ఇంతకంటే బాగా ఓ కాపురాన్ని చెప్పిన సీను నేను చూడలేదు. ఓ రాత్రి ఆమె తనతో నాటకానికి రాలేదన్న కోపంతో పియానోకు తాళం వేసి వెళతాడు.

ఒంటరిగా కూర్చుని ఆమె పత్రిక తిరగేస్తుంటే, అందులోని టెన్నిస్ ఆటగాడి బొమ్మ పేజీలోంచి లేచి వచ్చి మొగుణ్ణి ఎత్తుకుపోతుంది. అప్పుడు ఆమె నవ్వుతుంది! ఆ ఊహలన్నీ తెర మీద కనబడతాయి. ఆమె మనసులోకి మనం నేరుగా వెళ్ళిపోతాం. మొగుడు ఆమెకు ఎలా కనబడతాడో, వంకరగా, ఉబ్బిపోయి, మనకూ అలాగే కనబడతాడు.

ఆ మొగుడికో దిక్కుమాలిన సరదా. కోపం వస్తే తూటాలు లేని పిస్తోలు కణతకు పెట్టుకుని, కాల్చుకుంటానంటూ బెదిరిస్తాడు. ఆ రాత్రి ఆమె దాంట్లో తూటాలు పెడుతుంది. తెల్లవారాక వణికిపోయి తీసేద్దామంటే కుదరదు. ఖర్చుల లెక్కల మీద మొగుడు మండిపడి, పిస్తోలు తీసి, ఈసారి తన కణతకు కాకుండా ఆమె వైపు తిప్పి పేల్చేస్తాడు. గుండు తప్పిపోతుంది. అప్పుడు వాడేమనుకుంటాడో చెప్పండి? ఆమె ఆత్మహత్య చేసుకోవడానికే తూటాలు పెట్టుకుందనుకుని, వాటేసుకుని, నువ్వు లేకపోతే ఎలా బతకను అని బావురుమంటాడు! అతని భుజం మీదుగా ఆమె మొహం చూడండి. పెళ్ళాం తనను చంపాలనుకోవచ్చునన్న ఊహ కూడా వాడి బుర్రకు తట్టదు. ఆడదానికి ఒక కోరిక ఉండొచ్చునని తెలిస్తే కదా, అది హత్యదాకా పోవచ్చునని తెలియడానికి! తర్వాత ఇద్దరూ వీధిలో నడిచి వెళుతుంటారు. కత్తిపోటూ లేదు, జైలూ లేదు. రేపు మళ్ళీ ఆ పూలకుండీ.

ఇక అందరికీ కాస్తో కూస్తో తెలిసిన చిత్రం, 1929లో జర్మనీలో పాబ్‌స్ట్ తీసిన 'పాండోరా పెట్టె'. వెడెకిండ్ నాటకాలు ఆధారం. లులు పాత్రకు అమెరికా నుంచి లూయీజ్ బ్రూక్స్‌ను పిలిపించారు. నుదుటి మీదికి కత్తిరించిన ఆ నల్లటి జుట్టు తర్వాత ఎన్ని దేశాల్లో ఫ్యాషనయిందో చెప్పక్కర్లేదు. లులును అందరూ కోరుకుంటారు. పత్రికల యజమాని, అతని కొడుకు, ఓ కౌంటెస్ కూడా. మగవాళ్ళలాగే లులును ఆరాధించే ఆడమనిషిని 1929లో తెర మీద చూపించడం మామూలు ధైర్యం కాదు. ఆ పాత్ర వేసిన బెల్జియం నటి ఆలిస్ రాబర్ట్స్, లులుతో నాట్యం చేస్తూ అలా చూడ్డానికి ససేమిరా అందట. పాబ్‌స్ట్ కెమెరా పక్కన నిలబడి, నన్ను చూడమ్మా, ఆ ప్రేమ చూపేదో నా మీద చూపించు అని షాటు లాగించాడని బ్రూక్సే తర్వాత రాసుకుంది. తెర మీద లులు మీద పడే ఆ చూపు నిజానికి దర్శకుడి మీదన్న మాట!

పెళ్ళి రోజునే మొగుడు లులు చేతిలో పిస్తోలు పెట్టి కాల్చుకోమంటాడు. పెనుగులాటలో అతనే చస్తాడు. కోర్టు ఆమెను హంతకురాలంటుంది. పారిపోయి, చేతులు మారి, చివరికి లండన్ మురికి మేడమీద గదిలో తేలుతుంది. క్రిస్మస్ రాత్రి. పొట్టకూటికి వీధిలోకి దిగి ఓ మనిషిని పిలుస్తుంది. నా దగ్గర డబ్బు లేదంటాడు. ఫర్వాలేదు, నువ్వు నచ్చావు, రమ్మంటుంది. సినిమా మొత్తంలో లాభం చూసుకోకుండా లులు తనంత తాను ఎంచుకున్న మనిషి అతనొక్కడే. అతను జాక్ ది రిప్పర్.

ఓ ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేసినప్పుడు నేనీ సినిమా చూశాను. దీపాలు వెలగ్గానే నా వెనక వరసలో ఓ పెద్దాయన, "తగిన శాస్తి" అన్నాడు. పక్కనే ఉన్న వాళ్ళావిడ, "దేనికండీ?" అంది. ఆయన చెప్పులు వెతుక్కోవడంలో పడ్డాడు.

అయితే చావు కూడా చాలలేదు సెన్సారు వాళ్ళకి. కొన్ని దేశాల్లో ఆడించిన కాపీల్లో కౌంటెస్‌ను లులు చిన్ననాటి స్నేహితురాలిగా మార్చేశారు. కొడుకును కొడుకు కాదు, సెక్రటరీ అన్నారు. జాక్ ది రిప్పర్‌ను తీసి పారేసి, లులును సాల్వేషన్ ఆర్మీలో చేర్చారు! అంటే మన లెక్కలో భజన బృందంలో కలిపేశారన్న మాట. ఆమె చచ్చినా ఒప్పుకుంటారు గానీ, ఒక మనిషిని నచ్చి పిలిచి చచ్చిందంటే ఒప్పుకోరు. మూకీకి టైటిల్ కార్డు మారిస్తే చాలు, కథ మారిపోతుంది. పని సులువు.

ఆనాటి విమర్శకులు పెదవి విరిచిన ఆ చిత్రాన్ని మళ్ళీ నెత్తిన పెట్టుకోవడానికి జనానికి పాతికేళ్ళు పట్టింది. 'అగాధం' అదృష్టం కాస్త మేలు. డేనిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తమ పాత మూకీలను బాగుచేసి ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టారు. ముప్పావుగంట కూడా లేదు. రాత్రి పడుకోబోయే ముందు చూసెయ్యొచ్చు. గౌచో నాట్యం వచ్చినప్పుడు ఆమె ఒంటిని కాదు, కళ్ళను చూడండి. ఎటు చూస్తోందో గమనించండి.

అస్టా నీల్సన్ ఒక్క టాకీ మాత్రమే చేసింది, 1932లో. ఆ తర్వాత డెన్మార్క్ తిరిగివచ్చింది. సినిమా వాళ్ళు మరిచిపోయారు. రంగు గుడ్డముక్కలతో బొమ్మలు కూర్చుకుంటూ, ఆత్మకథ రాసుకుంటూ గడిపింది. 1968లో, ఎనభై ఆరేళ్ళ వయసులో, తన గురించి ఓ డాక్యుమెంటరీ తీసింది. దర్శకత్వం తనదే. ఇంకొకరి చేతిలో పెట్టలేదు. 1970లో పెళ్ళి చేసుకుంది. అప్పటికి ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్ళు. మరో రెండేళ్ళకు, 1972లో పోయింది.